గంగకు మైల

నవంబర్ 6, గురువారం

నిన్న కార్తీక పున్నమి. ధర్మపురిలో గోదావరిలో వదిలిన దీపాలు రాత్రంతా కిందికి కొట్టుకొచ్చి మా రేవులో ఆగాయి. పొద్దున పళ్లు తోముకుంటూ ఒడ్డుకు పోయాను. గోదావరిని మేం గంగ అనే అంటాం. ఆకు దొప్పలు, ఆరిన వత్తులు, వాటి చుట్టూ నీళ్ల మీద రంగులు. మాట కోసం చాలాసేపు వెతికాను. 'మిలమిల' అరిగిపోయిన మాట. 'ఇంద్రధనుస్సు' ఎవరైనా రాస్తారు. చివరికి దొరికింది. నెమలి మెడ. గంగ నెమలిలా మెడ తిప్పి చూసింది.

ఈ వాక్యం పద్మలత మేడంకు చూపించాలి. ఈ నోటుబుక్కు ఇచ్చింది ఆమే. "డిగ్రీ అయ్యేలోపు రోజుకొక మాటయినా పట్టుకో జమునా. మీ బాపు చేప పట్టినట్టే" అన్నారు.

బాపును కన్న బాపమ్మ నీళ్లు దోసిట్లో తీసుకొని తల మీద చల్లుకుంది. రంగులు చూపిస్తే నవ్వింది.

"దీపాల నూనె బిడ్డా. ఊరంత దీపం పెడ్తే గంగ తలకింత నూనె రాసుకోదా?"

ఇదీ వాక్యమే. ఆమెకు బడి లేదు. నాకన్నా మంచి మాటలు ఆమెకే వస్తాయి.

బాపు వల సగం ఖాళీగా తెచ్చాడు. "అల్లుడు వచ్చిపోయిండు" అన్నాడు. అల్లుడంటే మా రేవులో తిరిగే నీటికుక్క. పిలవకపోయినా వస్తాడు, మంచి చేపలు ఏరుకొని తింటాడు, పోతూపోతూ వల చింపుతాడు, అల్లుడు కాక మరెవరు అంటాడు బాపు. నన్ను కన్న అవ్వ ఊరుకుంటుందా. "ఉన్నది ఒక్క బిడ్డ. దానికప్పుడే గసొంటి మొగన్ని చూసినవా?"

నెమలి మెడ. మళ్లీ చదువుకున్నాను. బాగుంది.

నవంబర్ 7, శుక్రవారం

కాలేజీకి పోలేదు. చేయి రాయడానికి రావడం లేదు.

అదే రోజు, సాయంత్రం

నిన్న నేను చూసింది దీపాల నూనె. ఈరోజుది వేరు. నిన్నది వేరు, ఈరోజుది వేరు.

నవంబర్ 8, శనివారం

వరుసగా రాస్తాను. వరుస తప్పితే నాకే నమ్మకం కుదరదు.

శుక్రవారం పొద్దున లేచేసరికి గంగ లేదు. గంగ ఉండాల్సిన చోట నల్లటి తోలు పరిచి ఉంది. కింద నీళ్లు కదులుతుంటే పైన అది ముడతలు పడుతోంది, కాగిన పాల మీద మీగడలాగా. వాసనకు కళ్లు మండాయి. ఆ తోలును చీల్చుకొని చేపల మూతులు పైకొచ్చాయి. బొచ్చెలు, రవ్వలు, నేను పేరు కూడా ఎరగని చిన్నవి. అన్నీ నోరు తెరిచి గాలి మింగుతున్నాయి. గంగ అంతటా పెదవుల చప్పుడు. నేను పుట్టినప్పటి నుంచి ఈ ఒడ్డునే ఉన్నాను. చేపకు చప్పుడు ఉంటుందని నిన్నటిదాకా తెలియదు.

వంతెనకు పైన మా గంగలో ఒక వాగు కలుస్తుంది. ఆ వాగు ఒడ్డున కొత్త రోడ్డు కోసం డాంబర్ ప్లాంటు పెట్టారు. డాంబర్ కాచే పొయ్యిలకు పోసే నల్ల ఆయిల్ ట్యాంకు పగిలిందట. ఎప్పుడు పగిలిందంటే ఎవరూ చెప్పడం లేదు.

బండ మీద ఒక నీటికాకి రోజూ లాగే రెక్కలు ఆరబెట్టుకుంటోంది. రెక్కలు ముడుచుకోవడానికి రాక అలాగే నిలబడి ఉంది. ముక్కుతో ఈకలు పీకుతూ పీకుతూ ఉంది. కడుక్కుంటోంది అనుకున్నాను. కాదు, మింగుతోంది. మధ్యాహ్నానికి బండ కింద పడి ఉంది. బర్రెలు నీళ్లలోంచి లేచి వస్తే పొట్ట దాకా గీత గీసినట్టు నలుపు. తాబేలు ఒకటి ఒడ్డుకు వచ్చి ఆగింది. రాయి అనుకొని దాని మీద కాలు పెట్టబోయాను.

బాపు మెడలోతు దిగాడు. మూడు వలలు లోపల ఉన్నాయి. అవ్వ ఒడ్డు మీద నుంచి "వలలు పోతే పోనియ్యి, నువ్వు రా" అని మొత్తుకుంది. బాపు మూడు వలలూ లాక్కొని బయటికొచ్చాడు. కళ్లు, పళ్లు తప్ప ఇంకేమీ బాపులా లేదు. అవ్వ కొబ్బరినూనె రాసి, బియ్యప్పిండితో రుద్దింది. రుద్దిన చోటల్లా తోలు ఎర్రగా లేచింది. బాపు ఏమీ అనలేదు. ముక్కు మీద ఈగ వాలితేనే ఇల్లు పీకి పందిరేసే మనిషి.

తుంగలో అల్లుడు దొరికాడు. బొచ్చు ఒంటికి అంటుకుపోయి పిల్లిపిల్లంత ఉన్నాడు. ఇంత చిన్నవాడేనా మూడు కిలోల బొచ్చెను లాక్కుపోయింది? బాపు తువ్వాలలో చుట్టి చేతుల్లోకి తీసుకున్నాడు. "అల్లుడు పోయిండు" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇసుకలో నడుముదాకా గుంత తీసి పెట్టాడు.

'శోకం' అని రాసి కొట్టేశాను. 'దిగ్భ్రాంతి' అని రాసి కొట్టేశాను. దీనంతటికీ ఒక మాట ఉంటే బాగుండు.

నవంబర్ 9, ఆదివారం

మా బెస్తోళ్ల సంఘం గోడకు ఆఫీసర్లు కాగితం అంటించిపోయారు. "జలకాలుష్యం సంభవించినందున తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు చేపల వేట నిషేధించడమైనది."

నేను గట్టిగా చదివి వినిపించాను. భుజాన వల వేసుకున్న నాగరాజు మామ శ్రద్ధగా విన్నాడు.

"గీ కాలుష్యం ఎవలు? ఏ ఊరాయన?"

అందరూ నవ్వారు. నవ్వుకుంటూనే తెప్పలు కడుతున్నారు. వంతెన కింద లోతు మడుగులో నీళ్లు తేటగానే ఉన్నాయట. పైన చచ్చినవి చచ్చినయి, అడుగున ఉన్న కొర్రమట్టలకు ఏం కాదు అంటున్నారు. దశరథం పెద్దబాపు మా సంఘానికి పెద్ద. ఆయన ఒద్దన్నా వినడం లేదు. చివరికి నా దిక్కు తిరిగాడు.

"జమునా, నువ్వు సదువుకున్నవు. గీళ్లు ఇనేటట్టు ఏదన్న రాయి బిడ్డా. గా కాగితం మాట గీళ్లకు చెవుల దూరది."

నేను సుద్దముక్క పట్టుకొని నల్లబోర్డు ముందు నిలబడ్డాను. విషం, ప్రమాదం, ఆరోగ్యం. ఏ మాట రాసినా నాగరాజు మామ నవ్వు ముందే వినిపిస్తోంది. అప్పుడు గద్దె మీద కూర్చున్న బాపమ్మ అంది.

"గింత దానికి సదువెందుకురా. కడుపుల పిల్లలు సస్తె తల్లికి ఏమైతది?"

ఒకరిద్దరు తెప్పలు కట్టడం ఆపారు.

"మైలైతది. గంగ కడుపుల పిల్లలు సచ్చిండ్లు. గంగకు మైల వచ్చింది. మైల ఉన్నింట్ల మనం ముద్ద ముడ్తమా? మరి గంగల చెయ్యెట్ల పెడ్తరు?"

నాగరాజు మామ భుజం మీది వల దించాడు. చప్పుడు కాకుండా దించాడు, చావు ఇంటి ముందు చెప్పులు విడిచినట్టు.

నేను బోర్డు మీద రాశాను. గంగకు మైల. వల ముట్టద్దు. గంగల దిగద్దు. చేప తినద్దు.

అరవై తెప్పలు ఒడ్డుకెక్కాయి. ఒక్క మాటకు! రెండే అక్షరాలు. కాగితం చేయలేని పని.

నవంబర్ 10, సోమవారం

కాలేజీ. మేడంకు అంతా చెప్పాను. ఆమె అద్దాలు తీసి తుడుచుకొని, "మాట పట్టుకొమ్మన్నాను గానీ, ఇంత పెద్ద చేప పడుతుందనుకోలేదు" అన్నారు. బస్సులో జగిత్యాల నుంచి ఊరుదాకా అదే తలుచుకుంటూ వచ్చాను.

బ్లెస్సీకి కూడా చెప్పాను. ఆసిఫాబాద్ పిల్ల, హాస్టల్లో ఉంటుంది, చదివేది కెమిస్ట్రీ. వాళ్ల ఇంట్లో మైల పాటించరట. చావు అయిన మర్నాడే చర్చికి పోతారు. అందుకని అడిగింది.

"మైల ఎన్ని రోజులుంటది?"

"పదకొండు."

"పదకొండు రోజులైనయని ఆయిల్‌కు ఎవలు చెప్తరే?"

కెమిస్ట్రీ వాళ్లకు భాష అర్థం కాదు.

నవంబర్ 13, గురువారం

ఐదో రోజు. ఊరు మొత్తం మాట మీద నిలబడి ఉంది. పాత వలల్లో వరిగడ్డి కుక్కి, పొడుగ్గా మోకుల్లా కట్టి, వాగు నోటికి అడ్డంగా వేశారు. నీళ్లలోకి దిగకుండా ఒడ్డు నుంచే గుంజుతున్నారు. గడ్డి నల్లగా తాగి బరువెక్కుతుంది. తీసి కొత్తది వేస్తారు. బాపు తన మూడు వలలూ దానికే ఇచ్చేశాడు. "అల్లుడు చింపినయి ఎట్లనో పనికొచ్చినయి" అన్నాడు. ప్లాంటు వాళ్లు రెండు ట్యాంకర్లు పెట్టి పైపైన తోడుకుపోతున్నారు.

బాపు కాళ్ల మీద బొబ్బలు పగిలి నీరు కారుతోంది. ఆసుపత్రికి పోదామంటే మైలలో పోకూడదంటాడు. అట్లాంటిదేమీ లేదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

నీసు లేదు కాబట్టి రోజూ పప్పే.

నవంబర్ 16, ఆదివారం

బాపమ్మ గడప మీద కూర్చొని వేళ్లు మడుస్తోంది. ఏం లెక్కపెడుతున్నావంటే "బుధారం నాటికి పదకొండు" అంది. "మైల తీస్తం. గంగకు పాలు పోస్తం. కులం మొత్తం ఒక్క కాడ నీసు ముడ్తం. గంగ చేపతోనే ముట్టాలె మరి. పదొద్దుల సంది నోరు సప్పబడ్డది."

నీళ్ల మీద నలుపు చాలావరకు పోయింది. పైకి చూస్తే మామూలు గంగే.

బాపు కొత్త వల అల్లుతున్నాడు. ఈల వేస్తున్నాడు.

పదకొండు రోజులైనయని ఆయిల్‌కు ఎవరు చెప్తారు? బ్లెస్సీ అడిగింది ఇప్పుడు అర్థమైంది.

నవంబర్ 17, సోమవారం

కాలేజీకి పోతున్నానని చెప్పి సంఘం దగ్గరికి పోయాను. బోర్డు తుడిచేసి కొత్తగా రాశాను. "మైల తీరినా గంగలో విషం తీరలేదు. ఎవరూ దిగవద్దు." దశరథం పెద్దబాపు చదివించుకొని విన్నాడు. చాలాసేపు మీసం సవరించుకున్నాడు.

"గట్లెట్ల బిడ్డా? మైల తీసినంక మల్ల ఎట్ల పెడ్తవు?"

"అడుగున ఇంకా చచ్చిపోతున్నాయి పెద్దబాపూ. మనకు కనపడట్లేదు."

"కనవడనిదానికి మైలెట్లయితది? ఎవలన్న సస్తెనే మైల. ఎవలు సచ్చిండ్లో చెప్పు, నేనే ఆపుత అందరిని."

నాగరాజు మామ బీడీ ఆర్పి అన్నాడు. "నువ్వే రాస్తివి మైలని. ఇప్పుడు నువ్వే కాదంటివి. సదువుకున్నోళ్లకు ఒక్క మాట ఉండదా?"

నా మాట. అది బాపమ్మ మాట అని చెప్పబోయాను. కానీ బోర్డు మీద రాసింది నేను. మురిసిపోయింది నేను. తలుపులాంటి మాట అనుకున్నాను. మూస్తే మూసుకుంటుంది అనుకున్నాను. అది పదకొండు రోజులకు తనంతట తానే తెరుచుకునే తలుపు.

ఇంకొకటి రాయాలి. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఆరో తారీఖు పొద్దున నేను చూసింది దీపాల నూనె కాదు. గాసునూనె వాసన వచ్చింది. వచ్చిందని అప్పుడే తెలుసు. ఎందుకు రాయలేదంటే, వాసన రాస్తే నెమలి మెడ పాడవుతుంది. వాక్యం బాగుండాలని వాసన తీసేశాను. ఆ పొద్దున ఒక్క మాట చెప్పి ఉంటే బాపు మూడు వలలూ ఆ రాత్రికి బయటే ఉండేవి. బాపు మెడలోతు దిగేవాడు కాదు.

నవంబర్ 18, మంగళవారం

విషం సంగతి బాపుకు చెప్పాను. దిగకు బాపూ అన్నాను. వల ముడి బిగిస్తూ విన్నాడు.

"కులం మొత్తం దిగుతుంటే నేనొక్కన్ని ఒడ్డు మీద నిలవడాల్నా? గంగకు భయపడ్డ బెస్తోడంటరు. ఫికర్ జేయకు. నీళ్లు తేటగున్నయి."

నవంబర్ 19, బుధవారం

చీకటి విడవకముందే పాలు పోశారు. పసుపు నీళ్లు చల్లారు. దశరథం పెద్దబాపు, నాగరాజు మామ, బాపు మొదటి వలలు వేశారు. రెండు గంటల్లో పెద్ద గంపెడు చేపలు. మొప్పలు ఎత్తి చూశాను. ఎరుపు లేదు, మట్టి రంగు. అవ్వకు చూపిస్తే ఒక్క క్షణం ఆగి, మళ్లీ కోసింది. "పసుపు, పులుసు పడ్తే వాసన పోతది" అని తనకు తానే చెప్పుకుంది.

సంఘం ముందు పొయ్యి మీద పెద్ద గంజు. పులుసు ఉడుకుతుంటే పిల్లలు చుట్టూ చేరారు. నేను గంజు ముందు నిలబడి తినద్దన్నాను. మొదట నెమ్మదిగా, తర్వాత అరిచి. అవ్వ నా రెక్క పట్టి పక్కకు లాగింది. "కులం ముంగట ఇజ్జత్ తియ్యకు."

మైల తీసిన ముద్ద ముందు కులంలో అందరికన్నా పెద్దవాళ్లు తినాలి. బాపమ్మ ముందు ఇస్తరి వేశారు. అన్నం, పులుసు, బొచ్చె తలకాయ. అందరూ ఆమె నోరు చూస్తున్నారు. ముద్ద పెట్టుకుంది. నమిలింది. చాలాసేపు నమిలింది. కులం కూడును ఉమ్మకూడదు. మింగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎట్లున్నది చిన్నమ్మా?" అన్నాడు దశరథం పెద్దబాపు.

బాపమ్మ నా వైపు చూసింది. తర్వాత ఇస్తరి ఎత్తి బోర్లించింది.

"దశరథం, ఎవలన్న సస్తెనే మైల అన్నవు గదరా?"

"అన్న."

"నేను సచ్చిన."

నాగరాజు మామ నవ్వాడు. "ఏందవ్వా, సచ్చినోళ్లు గింత గట్టిగ మాట్లాడ్తరా?"

"నీకు ఇనవడ్తలేదని మాట్లాడుతున్న. గీ కొమురవ్వ సచ్చింది. కులానికి మైల. ముత్తయ్యా, మంగలిని పిలువు. తల్లి సస్తె గుండు కొట్టిచ్చుకోవా?"

బాపు చేతిలో నీళ్ల చెంబు ఉంది. అది కింద పడలేదు. అలాగే వంగి నీళ్లన్నీ ఆయన బొబ్బల కాళ్ల మీద పడ్డాయి.

"అత్తా, నోట్లకెల్లి గసొంటి మాట తియ్యకు" అని అవ్వ ఏడ్చింది.

"తీసిన. తీసిన మాట మల్ల మింగరాదు. కూర గుంతల పొయ్యుండ్రి. కుక్కలు ముట్టకుండ మట్టి కప్పుండ్రి."

మా దగ్గర బతికున్న మనిషి తాను చచ్చానని తానే అంటే ఆ మాట వెనక్కి పోదు. నాగరాజు మామ తన పిల్ల చేతిలోంచి ఇస్తరి గుంజుకొని మడిచేశాడు. తర్వాత బాపు, దశరథం పెద్దబాపు గంజు చెరొక దిక్కు పట్టుకొని ఎత్తారు.

నవంబర్ 20, గురువారం

బాపు గుండుతో ఇంటికి వచ్చాడు. తల్లి గడప మీద కూర్చొని ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

బోర్డు మీద నేనే రాయాలి. సుద్దముక్క తీసుకున్నాను. బాపమ్మ వెనకాల నిలబడి చెప్పింది. "సచ్చింది అని రాయకు. పోయింది అని రాయి. జర మర్యాదగ ఉండాలె."

కొమురవ్వ పోయింది. పదకొండు రోజులు మైల. వల ముట్టద్దు. గంగల దిగద్దు. చేప తినద్దు.

నవంబర్ 24, సోమవారం

బాపమ్మ కొట్టంలో పడుకుంటోంది. ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఎదురొస్తే తప్పుకుంటారు. చాయ ఇచ్చేటప్పుడు నేను కూడా మాట్లాడకూడదు, కానీ ఆమె మాట్లాడకుండా ఉంటుందా.

"ఏమే, సచ్చినోళ్లకు చాయ పొయ్యరా?"

"పొయ్యరు."

"అయితే దయ్యానికి పొయ్యి. చక్కెర ఎక్కువ ఎయ్యి, దయ్యాలకు తీపంటే ఇష్టం."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వి, చేత్తో పొట్ట పట్టుకుంది. ఆ ముద్ద మింగినప్పటి నుంచి మంట అంటోంది. మందు తెస్తానంటే, "సచ్చినదానికి మందేంది?" అంటుంది. ఇది మాత్రం పరాచికమో నిజమో తెలియలేదు. బలవంతంగా గోలీలు మింగించాను.

పక్క వాడలో వేరే కులపోళ్ల పెండ్లి. ఊళ్లో ఏ పెండ్లికైనా మంగళారతి ఎత్తేది బాపమ్మే. ఈరోజు ఎవరూ పిలవలేదు. కొట్టం గోడకు ఆనుకొని, అక్కడి పాటకు పెదవులు కదిపింది. గొంతు బయటికి తీయలేదు.

నవంబర్ 28, శుక్రవారం

బ్లెస్సీ వచ్చింది. నేనే రమ్మన్నాను. ఒడ్డున తడి ఇసుకలో మోచేతి లోతు గుంత తీసింది. గుంతలో నీళ్లూరాయి, తేటగా. "చూసినవా" అన్నాను ఆశగా. "ఆగు" అంది. కొంచెంసేపటికి నీళ్ల మీదికి రంగులు లేచాయి. ఆ రంగుకు నాకు ఒక మాట తెలుసు. రాయను.

"ఉసికెలకు దిగింది జమునా. వానాకాలం పెద్ద వరదొచ్చి కడిగేదాక ఉంటదేమో. ఇంకా ముందే పోవచ్చు, పోకపోవచ్చు. పరీక్ష చేస్తెనే తెలుస్తది."

"ఏడు నెలలా?"

"నాకు తెల్వదు. అందాజ చెప్తున్న."

ఏడు నెలలను పదకొండుతో భాగించాను. పంతొమ్మిది.

పంతొమ్మిది చావులు.

బాపమ్మ సంగతంతా చెబితే బ్లెస్సీ నోరు తెరిచి నా వంక చూసింది. "మీ నాయినమ్మ బతికే ఉన్నది కదా?" అంది. అవునన్నాను. ఆమె కొట్టంలోకి పోయి బాపమ్మ చేయి పట్టుకొని చాలాసేపు కూర్చుంది. మైల లేని పిల్ల కదా, ముట్టుకోవచ్చు.

నవంబర్ 29, శనివారం

ఈరోజుతో బాపమ్మ మైల తీరింది. పొద్దునే సంఘం దగ్గర అందరూ కూడారు. గుంతలో లేచిన రంగుల సంగతి చెప్పాను. దశరథం పెద్దబాపు, నాగరాజు మామ పోయి వాళ్లే గుంత తీసుకొని, చూసి వచ్చారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరూ దిగుదామనలేదు. కానీ మైల లేకుండా వల ముట్టకపోతే అది భయపడ్డట్టు అవుతుంది. పై ఊళ్ల వాళ్లు వచ్చి దిగుతారు. మైల ఉంటేనే వాళ్లూ ఆగుతారు.

"ఎన్నిమాట్ల పెట్టాలె బిడ్డా?" అన్నాడు దశరథం పెద్దబాపు.

"పంతొమ్మిది అనుకుంటున్నాను."

ఆయన చుట్టూ చూశాడు. "సంఘంల అరవై మందిమున్నం. సరిపోతం."

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, నేను సుద్దముక్క జారవిడిచాను.

"ముందుగాల నాది రాయి" అన్నాడు నాగరాజు మామ. "పదకొండు రోజులు పెండ్లాం పోరు తప్పుతది." బాపు గుండు నిమురుకుంటూ లేచి, తనది రాయమన్నాడు. ఇంకో ఇద్దరు లేచారు. నేనంటే నేనని పోటీ పడ్డారు.

నాగరాజు మామ భార్య వెనక నుంచి అంది. "నువ్వు సస్తె నా గాజులేం కావాలె? పుస్తె తీసి దండెం మీద ఏయాల్నా? మొగన్ని ముంగట పెట్టుకొని ముండమోయాల్నా?"

మగవాళ్లందరూ కూర్చున్నారు. దాని గురించి ఎవరూ అనుకోలేదు. బాపమ్మకు భర్త లేడు కాబట్టి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. నేను పంతొమ్మిదిని లెక్క కట్టాను గానీ, గాజులను లెక్కలోకి తీసుకోలేదు.

అవ్వ లేచింది. గుంపులో ఎప్పుడూ మాట్లాడని మనిషి.

"నాది రాయి బిడ్డా. పసుపు కుంకుమతోని పోతె మంచి సావంటరు. ఎవల గాజులు పగలయి."

"సక్కూ" అన్నాడు బాపు. అందరి ముందు అవ్వను పేరుతో పిలవడం నేను మొదటిసారి విన్నాను.

"నీకు గుండు ఉండనే ఉండె" అంది అవ్వ. "మల్ల కొట్టిచ్చుకునే పని లేదు."

నేను రాయనన్నాను. రాయలేనన్నాను. ఇంకెవరితోనైనా రాయించండి అన్నాను. అక్కడ ఉన్నవాళ్లలో రాయడం వచ్చినవాళ్లు నలుగురున్నారు. కానీ అవ్వ కింద పడ్డ సుద్దముక్క తీసి, కొంగుతో తుడిచి, నా చేతిలోనే పెట్టింది. ఆమె వేళ్లు చల్లగా లేవు. వెచ్చగా ఉన్నాయి, పొయ్యి దగ్గర నుంచి వచ్చినందుకు.

రాశాను. సక్కుబాయి పోయింది.

అవ్వ బోర్డు దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు. రేషన్ కార్డు మీద, ఓటు చీటీ మీద ఆమె పేరు ఉంది గానీ, ఎప్పుడూ ఇంత పెద్దగా ఎవరూ రాసి చూపించలేదు.

"ఇందుల నా పేరేది?"

చూపించాను. 'స' మీద వేలు పెట్టి, 'యి' దాకా నెమ్మదిగా జరిపింది.

"గింత ఉంటదా నా పేరు?" అంది. ముఖం వెలిగింది. "మరి దీని తర్వాతిదేంది?"

"పోయింది" అన్నాను.

తల ఊపింది. వేలికి అంటిన సుద్ద కొంగుకు తుడుచుకుంది. ఇంటికి వచ్చి గడప బయటే కూర్చుంది. లోపలికి రాలేదు. నీళ్లు కావాలన్నా అడగలేదు. నన్ను చూస్తూ ఉంది. బాపు కొట్టంలో బాపమ్మ పక్కన కూర్చున్నాడు.

ఈ పూట పొయ్యి నేను వెలిగించాను. అన్నం మాడింది.